ఇసుక నేలలో రాతి కూసాలు: 83 రోజుల నా అనుభవం

ఒంగోలుకు తూర్పున, కొత్తపట్నం వైపు ఇసుక నేలలో ఎకరం చేనుకు కంచె వేయించాం. 2025 ఫిబ్రవరి 3న సర్వే దరఖాస్తుతో మొదలై, ఏప్రిల్ 27న గేటు బిగించడంతో ముగిసింది. మొత్తం 83 రోజులు. కూలీలు చేలో దిగి పనిచేసినవి మాత్రం 17 రోజులే, మిగతావన్నీ ఎదురుచూపులు. నల్లరేగడిలోనో ఎర్రనేలలోనో కంచె వేసినవాళ్ల సలహాలు వినే మేము మొదలుపెట్టాం. ఆ సలహాల్లో సగం ఇసుకలో పనికిరాలేదు. ఇలాంటి నేలలో కూసాలు, అంటే కంచె స్తంభాలు, పాతాలనుకునేవాళ్లకు ఉపయోగపడాలని, తేదీలు, లెక్కలు మరిచిపోకముందే రాస్తున్నాను.

హద్దులు కొలిపించడానికి ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టాక సర్వేయరు వచ్చేసరికి 21 రోజులు పట్టింది. ఫిబ్రవరి 24న కొలిచారు. ఇసుకలో పాతిన హద్దు కర్రలు రెండు రోజులకే వాలిపోతాయి. అందుకని సర్వేయరు ఉండగానే నాలుగు మూలలా అడుగు లోతు గుంత తీసి, తలా ఒక బొచ్చెడు కాంక్రీటు పోసి, మధ్యలో మేకు గుచ్చాం. తర్వాత రెండు నెలల పాటు కొలతలన్నీ ఆ మేకుల నుంచే తీశాం. చేను 198 అడుగుల వెడల్పు, 220 అడుగుల పొడవు. చుట్టుకొలత 836 అడుగులు, గేటుకు 12 పోను 824.

సిమెంటు స్తంభాలా, రాతి కూసాలా అన్నది తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. సముద్రపు గాలి తగిలే చోట ఏడెనిమిదేళ్ల సిమెంటు స్తంభాన్ని దగ్గరికి వెళ్లి చూడండి. లోపలి కడ్డీ తుప్పు పట్టి ఉబ్బి, స్తంభం నిలువునా చీలి, ఆ చీలికలోంచి ఎర్రటి చారిక కారుతూ కనిపిస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు పక్క చేలో విరిగిన స్తంభాలన్నీ సరిగ్గా ఆ చీలిక ఉన్నచోటే విరిగాయి. రాయికి ఆ జబ్బు లేదు. పైగా చీమకుర్తి క్వారీలు మాకు దగ్గర. ఎనిమిదడుగుల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల మందం ఉన్న కూసాలు ఒక్కోటి రూ.340 చొప్పున ఫిబ్రవరి 26న చెప్పి వచ్చాం. నున్నగా కోసినవి వద్దని, చీల్చినవే కావాలని అడిగాం. గరుకు ముఖానికి కాంక్రీటు బాగా పట్టుకుంటుంది.

మామూలు నేలలో పదడుగులకు ఒక కూసం చాలంటారు. ఇసుకలో ఒక్కో కూసం మీద పడే లాగుడు తగ్గించాలి కాబట్టి ఎనిమిదడుగులు దాటనివ్వలేదు. పొడవు వైపులు రెండూ 28 ఖాళీలు చొప్పున, వెనక వైపు 25, గేటు వైపు అటు 12, ఇటు 12. మొత్తం 105 ఖాళీలు, 106 కూసాలు. మూలలకు, గేటుకు, ప్రతి పెద్ద వరస మధ్యలో తీగ లాగుడు భారం మోసే లాగుడు కూసానికి ఏటవాలుగా ఆసరా పెట్టడానికి మరో 16. అన్నీ కలిపి 122.

పది రోజులకు, మార్చి 8న రాళ్లు వచ్చాయి. మొదటి దెబ్బ ఆ రోజే తగిలింది. కూసం ఒక్కోటి నూరు కిలోల పైనే. ట్రాక్టరుకు నలభై రాళ్లంటే నాలుగు టన్నులు. తారు రోడ్డు దిగి నలభై అడుగులు వెళ్లేసరికి ట్రక్కు చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. డ్రైవరు ఇంజను గట్టిగా తిప్పేకొద్దీ ఇంకా లోపలికి వెళ్లాయి. చివరికి అక్కడే సగం రాళ్లు దించి, చక్రాల కింద తాటాకులు, కొబ్బరి మట్టలు పరిచి బయటికి లాగారు. మిగతా రెండు ట్రిప్పులూ రోడ్డు పక్కనే దించేశారు. అక్కడి నుంచి చేలోకి మోయించడానికి రూ.3,000 అదనం. ముందే తెలిసి ఉంటే ట్రక్కుకు ఇరవై రాళ్లే వేయించి, టైర్లలో గాలి కాస్త తగ్గించి, పొద్దున్నే ఇసుక చెమ్మగా ఉండగా తోలించేవాళ్లం.

మార్చి 10న దారాలు కట్టాం. మూల మట్టానికి 12, 16, 20 అడుగుల లెక్క సరిపోతుంది. ఒక వైపు 12 అడుగుల దగ్గర, రెండో వైపు 16 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెంటి మధ్య టేపు సరిగ్గా 20 చూపిస్తే మూల మట్టంగా ఉన్నట్టు. దారం మాత్రం కూసం మధ్యకు కాకుండా బయటి ముఖానికి తగిలేలా కట్టాలి. మధ్యకు కడితే గుంత తవ్వగానే దారం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

మరుసటి రోజు గుంతలు తీసే పెట్రోలు మిషన్ అద్దెకు తెచ్చాం, రోజుకు రూ.1,200. ఎండు ఇసుకలో అది దిగడం దిగింది. పైకి లాగితే మర మీద పిడికెడు ఇసుక కూడా రాలేదు. వచ్చిన కాస్తా జారి మళ్లీ గుంతలోనే పడింది. పైన అడుగున్నర వెడల్పు గుంత గంటలో నాలుగడుగుల వెడల్పు పళ్లెంలా అయింది, లోతు మాత్రం అడుగున్నర దాటలేదు. ఎండు ఇసుక దాని వాలు కంటే నిటారుగా నిలబడదు, ఎంత తవ్వినా అంచులు లోపలికి జారుతూనే ఉంటాయి. చెమ్మ ఉంటే గింజకూ గింజకూ మధ్య నీటిపొర పట్టి ఉంచుతుంది, గోడ నిలుస్తుంది. నీళ్లు మరీ ఎక్కువై ఊట వస్తే మళ్లీ కూలిపోతుంది. ఎండిందీ నిలవదు, మునిగిందీ నిలవదు, చెమ్మగా ఉన్నదే నిలుస్తుంది. ఈ ఒక్క మాట ముందు తెలిసి ఉంటే మిషన్ అద్దె మిగిలేది.

మేస్త్రి అనుభవం ఉన్న మనిషే. సాయంత్రం దొరువులోంచి, అంటే ఇసుకలో తీసిన నీటి గుంతలోంచి, నీళ్లు తోడి గుర్తుల మీద పోయించాడు. తెల్లారి చెమ్మ ఇసుకలో గుంతలు బాగానే వచ్చాయి. "ఇసక నీళ్లు తాగి కూచుంటే రాయేనయ్యా, సిమెంటు దండగ" అన్నాడు. 12, 13 తేదీల్లో పన్నెండు కూసాలు అలాగే నిలబెట్టాం. గుంతలో కూసం దించడం, అరడుగు ఇసుక వేయడం, నీళ్లు పోయడం, కర్రతో కుదిమడం. సాయంత్రానికి భుజంతో నెట్టినా కదల్లేదు. చూసి మాకూ నమ్మకం కుదిరింది.

14 నుంచి మేస్త్రి వేరే పనికి వెళ్లాడు. 21న తిరిగొచ్చి పన్నెండింటినీ పరీక్షించాం. మొదటి కూసం పైకొసను ఒంటి చేత్తో నెడితే మూడు అంగుళాలు వాలి, అక్కడే ఉండిపోయింది. కూసం మొదలు దగ్గర ఇసుక, రాయి మధ్య వేలు పట్టేంత సందు. పన్నెండింటిలో తొమ్మిది అంతే. ఎనిమిది రోజుల ఎండకు పై అడుగున్నర ఇసుకలో చెమ్మంతా పోయింది. నీళ్లు ఆరగానే పట్టు పోయింది. కూసాన్ని పక్కకు వాలనివ్వకుండా పట్టి ఉంచాల్సింది ఆ పై భాగమే, అదే వదులైపోయింది. ఇంకా తీగ లాగనే లేదు. ఆ రోజు చేలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. రెండు రోజుల కూలీ డబ్బు, పన్నెండు నూరు కిలోల రాళ్లు మళ్లీ పెకలించే పని. మేస్త్రే ముందుగా "తప్పు నాదేనయ్యా, అన్నింటికీ కాంక్రీటు పోద్దాం" అన్నాడు. ఆ మాటకు మనసు కుదుటపడింది.

కాంక్రీటు పోయాలంటే గుంత కావలసిన సైజుకు మించి ఒక్క అంగుళం కూడా కూలకూడదు. కూలితే ఆ మేరకు సిమెంటు తినేస్తుంది, పైగా ఇసుక కాంక్రీటులో కలిసి చెడగొడుతుంది. దీనికి దారి చూపింది పక్క చేను పెద్దాయన. ఆయన దొరువులకు వరలు దించే పని చేసినవాడు. "బావికి వర దించినట్టు దించండయ్యా, లోపల తోడుతుంటే అదే దిగుద్ది" అన్నాడు. 315 మి.మీ. పీవీసీ గొట్టం, అంటే దాదాపు పన్నెండు అంగుళాల వెడల్పుది, మూడున్నర అడుగుల ముక్కలు రెండు పాత సామాన్ల కొట్లో రూ.1,600కు దొరికాయి. గొట్టాన్ని గుర్తు మీద నిలబెట్టి, లోపలి ఇసుకను డబ్బాతో తోడుతూ, పైన చెక్క అడ్డం పెట్టి ఇద్దరు నొక్కితే రెండున్నర అడుగులు పది నిమిషాల్లో దిగింది. గోడ కూలే మాటే లేదు.

ఒక చిక్కు వచ్చింది. కూసం నిలబెట్టి కాంక్రీటు పోశాక గొట్టాన్ని పైకి తీయాలి. ఐదున్నర అడుగుల కూసం తల మీదుగా తీయబోతే అది తగిలి కూసం లంబం తప్పింది. రెండో కూసానికే గొట్టాన్ని నిలువునా రెండు చెక్కలుగా కోసి, బయట మూడు చోట్ల బైండింగు తీగతో కట్టాం. అడుగు కాంక్రీటు పోయడం, కడ్డీతో పొడవడం, గొట్టాన్ని ముప్పావు అడుగు పైకి లాగడం, మళ్లీ పోయడం. పూర్తిగా బయటికి వచ్చాక తీగ విప్పితే రెండు చెక్కలూ చెరోవైపు వచ్చేస్తాయి. గొట్టం కింది అంచు ఎప్పుడూ కాంక్రీటు మట్టం కంటే కొంచెం కిందే ఉండాలి. ఒకచోట తొందరపడి ఎక్కువ లాగితే ఇసుక చొరబడి కాంక్రీటు మధ్య పొరలా నిలిచింది. అది తీసి మళ్లీ పోయాల్సి వచ్చింది.

మూలలు, గేటు, మధ్య లాగుడు కూసాలు మొత్తం తొమ్మిది. వీటికి పన్నెండు అంగుళాలు చాలవు. 200 లీటర్ల డ్రమ్ము రూ.700కు కొని, రెండు మూతలూ కోయించి, నిలువునా చీల్చి అదే పద్ధతిలో వాడాం. లోతు మూడడుగులు. ఒక్కోదానికి దాదాపు బస్తాన్నర సిమెంటు పట్టింది.

గుంత అడుగున నాలుగు అంగుళాల కంకర వేసి కుదిమాకే కూసం దించాలి. లేకపోతే నూరు కిలోల రాయి తడి ఇసుకలోకి మెల్లగా దిగుతుంది, పైకొసలు వరసలో ఉండవు. సాధారణ కూసాలకు ఒక పాలు సిమెంటుకు మూడు ఇసుక, ఆరు 20 మి.మీ. కంకర. లాగుడు కూసాలకు ఒకటికి రెండు, నాలుగు. సాధారణ కూసాలకైతే బస్తాకు ఐదు వచ్చాయి. మొత్తం 36 బస్తాలు, రెండు ట్రాక్టర్ల కంకర, ఒక ట్రాక్టరు ఏటి ఇసుక.

చుట్టూ ఇసుకే ఉండగా ఇసుక కొనడమేమిటని అందరూ అడిగారు. చేలో ఇసుక సన్నది, గింజలన్నీ ఒకే సైజు. దాంతో కలిపితే నీళ్లు ఎక్కువ అడుగుతుంది, ఆరాక గోరుతో గీకితే రాలుతుంది. రెండు ఇసుకలతోనూ విడివిడిగా ముద్దలు చేసి వారం చూశాం, తేడా కళ్ల ముందే తెలిసింది. రాతి కూసానికి లోపల కడ్డీ లేదు కాబట్టి ఉప్పు భయం తక్కువే. కానీ గేటు కూసాల్లో ఇనుప కొక్కేలు దిగుతాయి, అక్కడ ఉప్పు ఇసుక అసలు వాడకూడదు. నీళ్లకు మాత్రం దొరువు నీళ్లే వాడాం, తాగే నీళ్లంత తియ్యగా ఉన్నాయి కాబట్టి.

కాంక్రీటు పోసేముందు గుంత గోడలు తడపడం మరిచిపోవద్దు. ఎండు ఇసుక కాంక్రీటులోని నీళ్లను పీల్చేస్తుంది. మొదటి రోజు తడపకుండా పోసిన ఒక కూసం మొదలు దగ్గర మరుసటి పొద్దుటికే సన్నటి బీటలు కనిపించాయి. ఆ తర్వాత గుంతకు రెండు బిందెలు ముందే పోయించాం. కాంక్రీటు పైన గోనె సంచి కప్పి, రోజూ పొద్దున, సాయంత్రం పది రోజులు తడిపాం. వాడింది పీపీసీ, అంటే బూడిద కలిసిన సిమెంటు, దానికి ఏడు రోజుల తడి చాలదు.

ఈశాన్య మూల పల్లం. అక్కడ రెండున్నర అడుగులకే ఊట తగిలింది. తోడేకొద్దీ అడుగునుంచి ఇసుక ఉబికి పైకి వస్తుంది. తోడడం ఆపేసి, కంకర వేసి తొక్కి, నీళ్లు కొద్దిగా ఉండగానే కాస్త బిగువు మిశ్రమం అడుగునుంచి నింపుకుంటూ వచ్చాం. నీళ్లు తేలి పైకి వచ్చి పొర్లిపోయాయి. వీలుంటే ఇలాంటి పల్లాలను మే నెలకు వదిలేయడం మేలు. ఈశాన్య రుతుపవనాల తర్వాత జనవరి, ఫిబ్రవరిల్లోనైతే చేను మొత్తం ఇలాగే ఉండేది.

22, 23 తేదీల్లో తొమ్మిది లాగుడు కూసాలు, 24న పన్నెండు. చేయి తిరిగాక రోజుకు పదిహేను. 29 దాకా పని సాగింది. 30న ఉగాది, రెండు రోజులు సెలవు. ఏప్రిల్ 1న మిగిలిన పది, 2న ఆసరాలు.

ఆసరాల దగ్గరే రెండోసారి దెబ్బతిన్నాం. మూల కూసం లోపలికి వాలకుండా, తీగ లాగే వైపు వరసలోనే ఏటవాలు రాయి పెడతారు. దాని కాలు ఇసుకలో దిగకుండా అడుగు లోతున కడప బండ ముక్క పరిచి, దానిమీద కాలు ఆనించాం. చూడటానికి గట్టిగానే ఉంది. ఏప్రిల్ 15న తీగ లాగే పుల్లరుతో మూడో తీగ బిగిస్తుంటే వాయవ్య మూలలో టక్కున చప్పుడైంది. ఆసరా కాలు బండ మీద వెనక్కి జారింది, దాని వెనక ఇసుక చిన్న గుట్టలా లేచింది, మూల కూసం కొన రెండు అంగుళాలు వాలింది. అందరం వదిలేసి దూరం జరిగాం. తెగిన ముళ్ల తీగ ముఖానికి తగిలితే కళ్లు పోతాయి. బిగించేటప్పుడు ఎవరూ తీగ వరసలో నిలబడకూడదని ఆ క్షణానే తెలిసొచ్చింది.

తప్పు బండ పెట్టిన తీరులో ఉంది. పడుకోబెట్టిన బండ రాయి బరువును కిందికి దిగనివ్వదు, కానీ వెనక్కి జారకుండా ఆపలేదు. ఆసరా నెట్టేది కిందికంటే వెనక్కే ఎక్కువ. మరుసటి రోజు పదహారు ఆసరాల కాళ్లూ తవ్వి, బండను ఆసరాకు అడ్డంగా, వెనక్కి వాలేట్టు ఏటవాలుగా నిలబెట్టి, బండకూ కాలికీ చుట్టూ ఒక ఘనపుటడుగు కాంక్రీటు పోశాం. వాలిన మూల కూసాన్ని తీగ వదులు చేసి లంబానికి తెచ్చాం. అదృష్టం, దాని కాంక్రీటు పగల్లేదు. వారం ఆగి 23, 24 తేదీల్లో తీగంతా బిగించాం. ఈసారి ఏ మూలా కదల్లేదు.

తీగ ఐదు వరసలు: నేల నుంచి 9, 20, 32, 46, 60 అంగుళాల ఎత్తుల్లో. కింద దగ్గర దగ్గరగా ఉండాలి, మేకలు దూరేది అక్కడే. తీగ 12x14 గేజిది, 145 కిలోలు పట్టింది, కిలో రూ.95. ముందుగా మధ్య వరస, తర్వాత కింద, పైన. అన్నింటికంటే ముందే పై వరస గట్టిగా లాగితే కూసం తల మీదే భారమంతా పడుతుంది. 

ఖర్చు దాచకుండా చెబుతాను. రాళ్లు రూ.41,480, మూడు ట్రాక్టర్ల తోలకం రూ.7,500, రోడ్డు మీంచి మోత రూ.3,000. సిమెంటు బస్తా 340 చొప్పున రూ.12,240, కంకర, ఏటి ఇసుక కలిపి రూ.12,000. మేస్త్రికి రోజుకు వెయ్యి, ముగ్గురు కూలీలకు ఎనిమిది వందల చొప్పున 14 రోజులకు రూ.47,600. తీగ పనికి ముగ్గురు, మూడు రోజులు, రూ.7,200. ముళ్ల తీగ రూ.13,775, బైండింగు తీగ రూ.900, గేటు రూ.14,500. గొట్టం, డ్రమ్ము, కడప బండలు కలిపి రూ.3,260, పనికిరాని మిషన్ అద్దె రూ.1,200. మొత్తం రూ.1,64,655. పన్నెండు కూసాల పొరపాటు, ఆసరాల పొరపాటు, మిషన్, మోత తీసేస్తే పద్నాలుగు వేలకు పైనే మిగిలేది.

గేటు బిగించిన రోజు నుంచి గాలి మీద కన్నేసి ఉంచాం. దక్షిణపు గాలి వీచే వైపు కూసాల మొదట్లో ఇసుక ఎగిరిపోతోంది. ఒక వరసలో కాంక్రీటు తల నాలుగు అంగుళాలు బయటపడింది. అక్కడ ఒక్కో కూసానికి రెండు తట్టల ఎర్ర గ్రావెలు పోసి తడిపి తొక్కించాం. వరస వెంబడి కిత్తనార పిలకలు మూడడుగులకొకటి నాటాం, మధ్యలో మొలిచిన వెంపలిని పీకొద్దని కూలీలకు చెప్పాం. గ్రావెలు పోసినచోట ఇసుక కదలడం ఆగింది. పోయనిచోట ఇంకా కదులుతోంది. ఇంకో ట్రాక్టరు గ్రావెలు చెప్పి వచ్చాం, గురువారం వస్తుంది.